200 మెగాబిట్ల ప్లాన్ ఉన్నా సాయంత్రం ఆరింటికి ల్యాబ్ ఎందుకు మొరాయిస్తోంది?

కంప్యూటర్_పంతులు (హనుమకొండ) – మంగళవారం, రాత్రి 8:50

నయీంనగర్‌లో మాకు చిన్న శిక్షణ కేంద్రం ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వచ్చి కంప్యూటర్ల మీద నమూనా పరీక్షలు రాస్తారు, వీడియో పాఠాలు వింటారు. ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది, 40 కంప్యూటర్లు. ఫైబర్ పెట్టె, రౌటర్ కింద ఆఫీసు గదిలో ఉంటాయి.

జూన్ నుంచి ఒకటే తంటా. పొద్దున బ్యాచ్‌లో పాతికమంది ఉంటారు, ఏ ఇబ్బందీ ఉండదు. సాయంత్రం ఆరింటికి నలభై కుర్చీలూ నిండగానే వీడియోలు ఆగిపోతాయి. ఒక ప్రశ్నకు జవాబు నొక్కితే తర్వాతి ప్రశ్న రావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. గడియారం పెట్టుకుని రాసే పరీక్షలో అది ఎంత నరకమో మీకు తెలుసు. ఆపరేటర్‌ను నాలుగుసార్లు పిలిపించాను. వచ్చిన కుర్రాడు రౌటర్‌కు లాప్‌టాప్ తగిలించి, వేగం పూర్తిగా వస్తోంది సార్ అని చూపించి వెళ్లిపోతాడు. విసిగి పోయిన నెల 100 ప్లాన్‌ను 200కు మార్పించాను. పైసా ప్రయోజనం లేదు.

కంప్యూటర్లన్నీ కేబుల్ మీదే ఉన్నాయి, వైఫై కాదు. వేసవి సెలవుల్లో గోడలకు రంగులు వేయించి, బెంచీలు మార్చి, కెమెరాలు పెట్టించాం తప్ప కంప్యూటర్ల జోలికి ఎవరూ వెళ్లలేదు. వానలకు లైను పాడైందా? ఆపరేటర్‌ను మార్చేయమంటారా?

ఊరికే_చదువరి – రాత్రి 9:05

మార్చేయండి. ఇందులో ఆలోచించడానికేముంది? ఒకే లైనును వీధి మొత్తానికి అమ్ముకుంటారు, సాయంత్రం అందరూ వాడేసరికి చేతులెత్తేస్తారు.

ఫైబర్_తమ్ముడు (పెద్దపల్లి) – రాత్రి 9:40

చదువరి అన్నా, ఏది పాడైనా ముందు స్తంభం ఎక్కేవాడినే తిట్టడం మీకు అలవాటైపోయింది. నేను ఫైబర్ జాయింట్లు వేస్తాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

పంచుకోవడం నిజమే. మా వైపు ఎక్కువగా నడిచే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఆపరేటర్ దగ్గరి ఒక పోర్టు నుంచి కిందికి దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు. దాన్ని స్ప్లిట్టర్లు 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తాయి. అందరూ ఒకేసారి లాగితే ఇరుకవుతుంది, కాదనను. వెలుతురు కూడా చీలుతుంది. రెండుగా చీలిన ప్రతిసారీ 3 డెసిబెల్స్, అంటే సగం పోతుంది. ఆ పైన వంగిన తీగ, మట్టి పట్టిన కనెక్టర్, హనుమకొండలో అయితే కోతులు. నేను కోసి చూసిన తీగల్లో కోతి పంటి గాట్లు ఉన్నవి ఎన్నో లెక్క లేదు.

కానీ వెలుతురు తగ్గితే పొద్దున కూడా ఇబ్బంది ఉండాలి. కోతికి బ్యాచ్ టైము తెలియదు కదా. పంతులుగారూ, ఆ పెట్టె సెట్టింగుల్లో ఆప్టికల్ పవర్, అంటే అందుతున్న వెలుతురు బలం, ఎంత చూపిస్తోందో చెప్పండి. మైనస్ 27 దగ్గరికి పోతే అనుమానించాలి. ఇంకొకటి, మా వాడు వేగం చూసింది ఏ టైములో?

కంప్యూటర్_పంతులు – బుధవారం, పొద్దున 7:15

మైనస్ 19 అని ఉంది తమ్ముడూ. కుర్రాడు వచ్చేది ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికి. అప్పుడు 196 చూపించాడు.

ఫైబర్_తమ్ముడు – పొద్దున 7:30

19 బంగారం. ఇవాళ సాయంత్రం ఆరుంపావుకు మీరే అదే రౌటర్ దగ్గర చూడండి.

ఎడారి_జగిత్యాల (దుబాయ్) – మధ్యాహ్నం 1:10

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఊళ్లో అమ్మకు నెట్ పెట్టించాను. రాత్రి వీడియో కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. దూరం వల్లనా?

పాత_ఎక్స్ఛేంజి (వరంగల్) – మధ్యాహ్నం 1:45

నాయనా, గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 2,500 కిలోమీటర్లు. పోయి రావడానికి 25 మిల్లీసెకన్లు చాలు. తీగలు తిన్నగా ఉండవు కాబట్టి దానికి మూడు రెట్లు వేసుకో, అప్పటికీ మాటకు అడ్డం రాదు. మాటకు అడ్డం వచ్చేది ఆలస్యం కాదు, నిలకడ లేని ఆలస్యం. మాటను ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా కోసి పంపుతారు. ఒక ప్యాకెట్ 80 మిల్లీసెకన్లలో, తర్వాతిది 300లో వస్తే, ఆ రెండోది వచ్చినా రానట్టే. దాని వంతు మాట అప్పటికే దాటిపోయి ఉంటుంది.

అమ్మ ఫోన్ పట్టుకుని ఎక్కడ కూర్చుంటుంది?

ఎడారి_జగిత్యాల – మధ్యాహ్నం 2:20

కూర్చోవడం ఎక్కడ సార్, వంటింట్లో తిరుగుతూ మాట్లాడుతుంది. రౌటర్ ముందరి గదిలో. పాత ఇల్లు, మధ్యలో రెండు మట్టి గోడలు.

పాత_ఎక్స్ఛేంజి – మధ్యాహ్నం 2:30

రౌటర్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒక్కసారి మాట్లాడు. అప్పుడు బాగుంటే దుబాయ్‌ది తప్పు కాదు, గోడలది.

కంప్యూటర్_పంతులు – సాయంత్రం 6:40

చూశాను. రౌటర్ దగ్గర 104! మధ్యాహ్నం 196, సాయంత్రం 104. సగానికి సగం మాయం. చదువరిగారు చెప్పిందే నిజమైంది. రేపే కొత్త ఆపరేటర్‌కు ఫోన్ చేస్తున్నాను.

ఊరికే_చదువరి – సాయంత్రం 6:44

ముందే చెప్పాను.

మూడో_ఏడు (కాజీపేట) – రాత్రి 7:30

పంతులుగారూ, ఫోన్ కింద పెట్టండి. మీరు కొలిచేటప్పుడు పైన నలభై మంది వీడియోలు చూస్తున్నారు కదా. వాళ్లు వాడుకోగా మిగిలింది 104. ల్యాబ్‌లో ఏదో ఒక కంప్యూటర్ మీద, బ్యాచ్ లేని సమయంలో వేగం చూసి చెప్పండి. ఇప్పటివరకు ఎవరూ పైకి ఎక్కి కొలవలేదు.

రెండో పని. రేపు ఆరున్నరకు, పిల్లలు ఉండగా, ల్యాబ్ నుంచి మీ సొంత రౌటర్‌కే పింగ్ కొట్టండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లకు వస్తుందో చూడండి. బయటి సర్వర్‌కు కాదు.

కాంటా_గుమాస్తా (ఎనుమాముల) – రాత్రి 9:15

మీ లెక్కలు నాకు సగమే అర్థమవుతాయి కానీ, ఈ తంతు నేను ఏటా చూస్తాను. మిర్చి కాలంలో, ఫిబ్రవరి మార్చి నెలల్లో, మార్కెట్ బయట బండ్లు బారులు తీరుతాయి. రోడ్డు వెడల్పు చేస్తే పోతుందంటారు. కాంటా ఒక్కటే ఉన్నప్పుడు రోడ్డు ఎంత వెడల్పయితే ఏం లాభం? బండ్లు నిలబడే చోటు పెరుగుతుంది, అంతే. పంతులుగారు ప్లాన్ పెంచడం అలాంటిదేమో. కాంటా ఎక్కడుందో వెతకండి.

ఇంకో చిత్రం. కాంటా తూకం వేయగలిగిన దానిలో సగం బండ్లు వస్తే ఎవరూ ఆగరు. పదిలో తొమ్మిది వంతులు వచ్చినా చాలు, సాయంత్రానికి గొడవలు మొదలవుతాయి. ఇంకా ఒక వంతు ఖాళీ ఉంది కదా, ఎందుకు గొడవ అని కొత్తగా వచ్చిన అధికారులు అడుగుతారు.

పాత_ఎక్స్ఛేంజి – రాత్రి 10:05

గుమాస్తాగారూ, మీరు కాంటా దగ్గర కనిపెట్టిన సంగతిని కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఆయన 1909లో గణితంగా రాశారు. మేము ఎక్స్ఛేంజిలో ట్రంకు లైన్లు ఎన్ని కావాలో ఆయన పేరుతో ఉన్న కొలతలోనే లెక్కవేసేవాళ్లం. దాని తర్వాతి వాళ్ల మోటు సూత్రం ఒకటుంది. లైను సగం నిండితే మామూలు సమయానికి రెండింతలు పడుతుంది, 80 శాతం నిండితే అయిదింతలు, 90 శాతానికి పదింతలు. నూరు దాటితే ఇక ఇంతని చెప్పలేం, నిలబడటమే. అందుకే సగటు వాడకం చూసి ఎవరైనా ధైర్యం చెబితే నేను నమ్మను. మాకు లెక్క ఎప్పుడూ రద్దీ గంటదే.

మేడారం జాతరలో ఫోన్‌కు గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, సందేశం మాత్రం పోదు. గీతలు చూపేది టవర్ మీకు ఎంత బాగా వినబడుతోందో. దాని దగ్గర మీ ముందు ఎంతమంది నిలబడ్డారో అవి చెప్పవు.

రాత్రి_షిఫ్టు (కాజీపేట) – రాత్రి 11:50

నాది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. ఇంట్లో నేనొక్కదాన్నే, 150 ప్లాన్, ఏ వేళ కొలిచినా 150 వస్తుంది. అమెరికాలో ఉన్న మా క్లయింటు సర్వర్‌కు ఫైలు పంపితే మాత్రం 2 మెగాబిట్లు దాటదు. రద్దీ లేదు, వైఫై లేదు. రెండేళ్లుగా ఇదే, ఫైలు ఎక్కించి వంట చేసుకుని వస్తున్నాను.

మూడో_ఏడు – అర్ధరాత్రి 12:20

అక్కా, పింగ్ ఎంత వస్తుంది? సుమారు 250 ఉంటుందనుకుంటాను.

కంప్యూటర్లు సమాచారం పంపుకోవడానికి వాడే టీసీపీ అనే పద్ధతిలో, అవతలి నుంచి ముట్టింది అని కబురు వచ్చేవరకు ఇంతకు మించి పంపకూడదనే హద్దు ఒకటి ఉంటుంది. పాత పద్ధతిలో ఆ హద్దు 64 కిలోబైట్లు. అంటే సుమారు 5 లక్షల 24 వేల బిట్లు పంపి, పావు సెకను చేతులు కట్టుకుని కూర్చోవాలి. సెకనుకు నాలుగుసార్లు. లెక్క వేస్తే 2.1 మెగాబిట్లు. మీ ఇంట్లో వెయ్యి మెగాబిట్లు పెట్టించినా అంతే. ఈ హద్దు పెంచుకునే ఏర్పాటు 1992 నుంచే ఉంది, ఇప్పటి కంప్యూటర్లన్నీ దాన్ని వాడతాయి. ఎక్కడో ఒక పాత ప్రోగ్రామో, దారిలో కాపలా ఉండే ఫైర్‌వాలో దాన్ని ఆపుతోంది. అది మీ చేతిలో లేకపోతే ఫైలును ముక్కలు చేసి ఎనిమిది ఒకేసారి పంపండి. ఒక్కో ముక్కకు విడిగా హద్దు ఉంటుంది.

రాత్రి_షిఫ్టు – గురువారం, తెల్లవారుజామున 4:10

పింగ్ 247. ఎనిమిది ముక్కలు చేశాను, 16కు ఎక్కింది. రెండేళ్లు! ఆ పింగును ఇంకా తగ్గించే దారి లేదా?

పాత_ఎక్స్ఛేంజి – పొద్దున 6:00

న్యూయార్క్ దాదాపు 13 వేల కిలోమీటర్లమ్మా. తిన్నగా తీగ వేసినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు కావాలి. ఆ 130ని ఏ కంపెనీ తగ్గించలేదు.

కంప్యూటర్_పంతులు – గురువారం, రాత్రి 8:30

ఇవిగో అంకెలు. మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు పై కంప్యూటర్ మీద వేగం 94. మూడు కంప్యూటర్లు మార్చి చూశాను, అన్నిటి మీదా 94. సాయంత్రం ఆరున్నరకు ల్యాబ్ నుంచి మా రౌటర్‌కే పింగ్ 118, అప్పుడప్పుడు జవాబే లేదు. అదే సమయానికి కింద ఆఫీసు కంప్యూటర్ నుంచి హైదరాబాద్‌కు పింగ్ 6. హైదరాబాద్ కన్నా మా మెట్లు దూరమయ్యాయి!

పాత_ఎక్స్ఛేంజి – రాత్రి 8:42

94 నాకు బాగా పరిచయమున్న అంకె. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ తీగలో చిరునామాలు, తలకట్లు, మధ్య ఖాళీలు పోను మనకు మిగిలేది సరిగ్గా అంతే. 94 కనబడితే ఎక్కడో ఒక లంకె గిగాబిట్ కావలసింది 100కు పడిపోయిందని అర్థం. నిన్న రౌటర్ దగ్గర వచ్చిన 104కు ఈ 94 కలపండి, 198 అవుతుంది. ఆపరేటర్ మీకు ఇవ్వవలసింది పూర్తిగా ఇస్తున్నాడు.

అన్ని కంప్యూటర్ల మీదా 94 అంటే తప్పు వాటి తీగల్లో లేదు, అవన్నీ కలిసి ఎక్కే తీగలో ఉంది. కింద రౌటర్ నుంచి పైన కంప్యూటర్ల తీగలన్నీ కలిసే పెట్టెకు, అంటే స్విచ్‌కు, వెళ్లే కేబుల్ ఎంత పొడవు? స్విచ్ మీద ఆ పోర్టు దీపం మిగతావాటిలాగే వెలుగుతోందా?

ఫైబర్_తమ్ముడు – రాత్రి 8:50

చదువరి అన్నా, ఉన్నారా?

కంప్యూటర్_పంతులు – రాత్రి 9:10

నలభై మీటర్లు ఉంటుంది. మిగతా దీపాలన్నీ ఆకుపచ్చ, అదొక్కటి నారింజ రంగు. అందంగా ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

పాత_ఎక్స్ఛేంజి – రాత్రి 9:20

రాగి తీగకు హద్దు 100 మీటర్లు, కాబట్టి పొడవుతో పేచీ లేదు. ఆ కేబుల్‌లో నాలుగు జతలు ఉంటాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. 100 మెగాబిట్లకు నారింజ, ఆకుపచ్చ చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. నీలమో గోధుమో అందకపోతే చాలా స్విచ్‌లు కొన్నిసార్లు ప్రయత్నించి, మారు మాట్లాడకుండా 100కు దిగిపోతాయి. ఆగిపోతే మనకు తెలిసేది. దిగిపోతేనే తెలియదు. ఎలుక కొరికిందో, తీగ కొసన ప్లగ్గు బిగించిన క్రింపింగ్ వదులైందో చూడండి.

మొదటి రోజే నేను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది, అడగలేదు. జూన్‌కు ముందు ఏమి మారింది? రంగులు, బెంచీలు, కెమెరాలు అన్నారు. కెమెరాల తీగలు ఎటునుంచి వెళ్లాయి?

ఊరికే_చదువరి – రాత్రి 9:45

సరే, ఒప్పుకున్నాను. కానీ 94 కూడా తక్కువేమీ కాదు కదా? పొద్దున పాతికమందికి సరిపోయింది నలభైమందికి కొంచెం తగ్గాలి గాని, ఇంతలా కూలిపోవడమేమిటి?

మూడో_ఏడు – రాత్రి 10:30

వాళ్ల వీడియో ఒక్కొక్కటి రెండున్నర మెగాబిట్లు లాగుతుందనుకోండి. పాతిక మందికి 62, అంటే మూడింట రెండు వంతులు. నలభై మందికి 100. ఉన్నది 94. గుమాస్తాగారి బండ్లు రోడ్డెక్కాయి.

ఇక ఆ 118 ఎక్కడిదంటే, చాలా రౌటర్లలో వరుసలో వెయ్యి ప్యాకెట్లు నిలబడేంత చోటు ఉంటుంది. ఒక్కొక్కటి 1,500 బైట్లు, మొత్తం 15 లక్షల బైట్లు, అంటే కోటీ 20 లక్షల బిట్లు. 100 మెగాబిట్ల తీగ మీద అవి పోవడానికి 120 మిల్లీసెకన్లు. వచ్చింది 118. ఈ లెక్క సరిపోగానే హాస్టల్లో గట్టిగా అరిచాను, పక్క గదివాళ్లు వచ్చి చూశారు.

ఆ వరుస కూడా నిండాక వచ్చిన ప్యాకెట్‌ను రౌటర్ పారేస్తుంది. సర్వర్‌తో కొత్తగా కలవడానికి పంపిన మొదటి ప్యాకెట్టే పోతే కంప్యూటర్ ఒక సెకను చూసి మళ్లీ పంపుతుంది. అదీ పోతే రెండు సెకన్లు ఆగుతుంది. ఒకటీ రెండూ మూడు. పిల్లలకు తర్వాతి ప్రశ్న మూడు నాలుగు సెకన్లకు రావడం వెనక ఉన్నది ఇదేనని నా అనుమానం. వేగం తగ్గడం కాదు, ఎదురుచూపులు.

పెద్ద నెట్‌వర్కులే ఇలా కూలిపోయాయి. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే 400 గజాల దూరంలో ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వేలు కాదు, నలభై బిట్లు. పోయిన ప్యాకెట్లను అందరూ మళ్లీ మళ్లీ పంపి, ఆ పంపకంతోనే దారిని మూసేశారు. దాన్ని చూసి వాన్ జాకబ్సన్ 1988లో టీసీపీకి తగ్గడం నేర్పారు. ప్యాకెట్ పోయిందంటే దారి ఇరుకైందని గ్రహించి సగం పంపు, తర్వాత మెల్లగా పెంచు అని.

ఊరికే_చదువరి – రాత్రి 10:50

అయితే ఆ వరుసలో చోటు ఇంకా పెంచితే ప్యాకెట్లు పారేయక్కర్లేదు కదా?

మూడో_ఏడు – రాత్రి 11:05

అందరూ అలాగే అనుకుని, మెమరీ చిప్‌లు చవకైన కొద్దీ పెంచుకుంటూ పోయారు. పారేయడమే టీసీపీకి హెచ్చరిక. వరుస పొడవైతే హెచ్చరిక ఆలస్యంగా అందుతుంది, ఈలోగా అందరూ ఇంకా కుమ్మరిస్తారు. జిమ్ గెటిస్ అనే ఆయన తన ఇంట్లోనే దీన్ని పట్టుకుని 2010లో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో కేథలీన్ నికోల్స్, మళ్లీ అదే జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి చెప్పారు. వరుసలో ఎంతమంది ఉన్నారని కాకుండా, ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువసేపైతే ముందే కొన్నిటిని వదిలేయడం. పంతులుగారూ, మీ రౌటర్‌లో క్యూ నియంత్రణ అని ఉందేమో చూడండి. ఉంటే వేగం హద్దు 180 మెగాబిట్ల దగ్గర పెట్టండి. అప్పుడు వరుస ఆపరేటర్ పెట్టెలో కాక మీ రౌటర్‌లో ఏర్పడుతుంది, దాన్ని పొట్టిగా ఉంచడం మన చేతిలో ఉంటుంది.

ఎడారి_జగిత్యాల – శుక్రవారం, మధ్యాహ్నం 3:00

అమ్మను రౌటర్ పక్కన కూర్చోబెట్టాను. గంట మాట్లాడాం, ఒక్క మాట తెగలేదు. ఇప్పుడు వంట మాడిపోతోందని తిడుతోంది.

కంప్యూటర్_పంతులు – ఆదివారం, రాత్రి 9:30

దొరికింది. మొదటి అంతస్తులో తీగలు వెళ్లే గొట్టం మూత తీయిస్తే, మా కేబుల్ మధ్యలో కోసి ఉంది. ఎలుక కాదు, మనిషే. నారింజ, ఆకుపచ్చ జతలను చక్కగా మళ్లీ కలిపి, నీలం, గోధుమ జతలను మెట్ల దగ్గరి కెమెరాకు కరెంటు పంపడానికి మళ్లించుకున్నాడు. కొత్త తీగ లాగడం తప్పించుకున్నాడు మహానుభావుడు. కెమెరా పనిచేసింది, ల్యాబ్ కూడా పనిచేసినట్టే కనిపించింది. ఎవరికి అనుమానం వస్తుంది?

ఇవాళ కొత్త కేబుల్ వేయించాను. పై స్విచ్ దీపం ఆకుపచ్చ అయింది. పై కంప్యూటర్ మీద 195. మూడో_ఏడు తమ్ముడు చెప్పినట్టు క్యూ హద్దు 180 పెట్టాను. అసలు పరీక్ష రేపు సాయంత్రమే. ఒక్క సందేహం. డబ్బు దండగైందని బాధపడుతున్నాను, తిరిగి 100 ప్లాన్‌కు వెళ్లిపోనా?

పాత_ఎక్స్ఛేంజి – రాత్రి 9:50

వద్దు. నలభైమందికి 100 కావాలని లెక్క తేలింది కదా. ఇప్పుడు మళ్లీ 100కు దిగితే కాంటా మెట్ల మీది నుంచి వీధిలోకి మారుతుంది, అంతే. మీరు పోయిన నెల కొన్న 200 ఇవాళ్టి నుంచి పనికొస్తుంది.

కంప్యూటర్_పంతులు – సోమవారం, రాత్రి 8:15

ఆరున్నరకు నలభై కుర్చీలూ నిండాయి. ల్యాబ్ నుంచి రౌటర్‌కు పింగ్ 1, హైదరాబాద్‌కు 9. ఒక్క చేయీ పైకి లేవలేదు. ఆపరేటర్ కుర్రాడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నవ్వాడు. టీ తాగడానికి రమ్మన్నాను.

ఫైబర్_తమ్ముడు – రాత్రి 8:20

టీతో పాటు సమోసా కూడా పెట్టండి సార్. నాలుగుసార్లు తిరిగాడు.

రాత్రి_షిఫ్టు – రాత్రి 8:40

మరి మెట్ల దగ్గరి కెమెరా?

కంప్యూటర్_పంతులు – రాత్రి 8:55

దానికి కరెంటు పోయింది. కొత్త తీగ వేయడానికి కెమెరాల అతను గురువారం వస్తానన్నాడు. అప్పటివరకు చెప్పులు జాగ్రత్త అని మెట్ల దగ్గర కాగితం అంటించాను.